హర్రాజుకెక్కిన మేక

మా ఆయన రిటైరయ్యే నెలలో, సంతోషంగా ఎలా బతకాలో నాకు చెప్పడానికి ఊరంతా మా గుమ్మం తొక్కింది. ఆయన పాస్టరు. పెద్దపల్లి చర్చి ఆయనకు చివరి సంఘం. నెలాఖరుకు ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఇచ్చిన ఇల్లూ పోతుంది. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట. "ఇగ హాయిగ కూసోండ్రి అమ్మగారు, మీ సేవ అయిపోయింది," అనేవాళ్ళు. నా సేవ ఎప్పుడు మొదలైందో అడిగినవాళ్ళు లేరు గానీ, అయిపోయిన సంగతి మాత్రం అందరికీ తెలిసిపోయింది. ఒకావిడ, ఆమె భర్త అంతకు ముందేడే రిటైరయ్యాడు, రోజూ పొద్దున్నే అద్దంలో చూసుకుని నవ్వుకోమని సలహా ఇచ్చింది. ఆ ఇంట్లో ఉన్న అద్దం సంఘానిదనీ, దాని మూల పగిలి ఉందని లిస్టులో కూడా రాసి ఉందనీ చెప్పాలనుకున్నాను. చెప్పకుండా టీ పోశాను. ఆమె పోయాక కప్పు కడుగుతూ తిట్టుకున్నాను.

లిస్టంటే ఏమిటో చెప్పాలి. పాస్టరు ఉండే ఇల్లు పాస్టరుది కాదు. మంచాలు, బల్ల, బీరువా, కుర్చీలు, గిన్నెల స్టాండు, అన్నీ సంఘానివే. వచ్చేటప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టి తీసుకోవాలి. పోయేటప్పుడు కమిటీ వాళ్ళు అదే కాగితం పట్టుకుని గది గదీ తిరిగి చూసుకుంటారు. ఏ ఊరికి పోవాలో మనం కోరుకునేది ఉండదు. ఏడాదికోసారి పెద్ద సభ జరుగుతుంది, చివరి రోజు బిషప్ గారు నిలబడి పాస్టరు పేరు, ఊరి పేరు చదువుతారు. అంతవరకు మన ఊరేదో మనకే తెలియదు. అందరితోపాటు విని, అందరితోపాటు చప్పట్లు కొట్టాలి. ఆసిఫాబాద్ అన్నా కొట్టాను, ఆదిలాబాద్ అన్నా కొట్టాను. మా బిడ్డ పదో తరగతి అయ్యేలోపు నాలుగు బడులు మారింది. నేను పెట్టిన కరివేపాకు చెట్లు ఇప్పుడు నాలుగు ఊళ్ళలో ఉన్నాయి, ఆకు మాత్రం కొనుక్కుని తింటున్నాను.

మా ఆయన మంచివాడు. ఈ మాట నేను మెచ్చుకోలుగా అనడం లేదు. మంచివాడి పక్కన ముప్పయ్యేళ్ళు కాపురం చేసినవాళ్ళకు తెలుస్తుంది అందులో ఉన్న కష్టం. ఎవరేది అడిగితే అది ఇచ్చేస్తాడు, ఇచ్చేది నాదైనా సరే. ఆసిఫాబాద్‌లో ఉండగా ఒకరోజు నేను స్త్రీల మీటింగుకు పోయి వచ్చేసరికి నా కుట్టుమిషను లేదు. భర్త పోయిన ఒకామె వచ్చి ఏడ్చిందట, ఈయన దాన్ని మోయించి మరీ పంపించాడట. అది మా బాపు నాకు కొనిచ్చిన మిషను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే, "పోనీలే, దేవునికే గదా," అన్నాడు. ఆ మాట అన్నాక ఇంక ఏం మాట్లాడతాం? దేవుడితో పేచీ పెట్టుకునే పాస్టరమ్మను ఏ సంఘం భరిస్తుంది? నా పళ్ళు నేనే కొరుక్కుని ఊరుకున్నాను. ఆ తర్వాత ఆ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

ఆదిలాబాద్‌కు మారాక మేకను కొన్నాను. మిషను లేదు కాబట్టి చీరలకు ఫాల్స్ చేత్తోనే కుట్టేదాన్ని. పత్తి జిన్నింగు మిల్లుల దగ్గరుండే ఆడవాళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. అట్లా కూడబెట్టుకుని ఒక అంగడి రోజు పోయి, చెవులు కిందికి వేలాడే నల్లటి ఆడ మేకపిల్లను బేరం చేశాను. అమ్మినామె మరాఠీ ఆమె. తాడు నా చేతిలో పెడుతూ, "పోరి లెక్క జూస్కో బాయీ," అంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజు ఇల్లు చేరేదాకా నాలో నేను నవ్వుకుంటూనే నడిచాను. దారిలో ఎదురైన సంఘం వాళ్ళు పాస్టరమ్మకు ఏమైందని చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను. మా ఇంట్లో ఏ లిస్టులోనూ లేని ప్రాణి అదొక్కటే.

పెద్దపల్లికి మారినప్పుడు అది కూడా మాతో లారీ ఎక్కింది. ఇక్కడి కమిటీకి నచ్చలేదు. చర్చి ఆవరణలో మేకేంది, వాసనొస్తుంది అన్నారు. నేను జవాబివ్వలేదు. రోజూ తెల్లవారకముందే లేచి పెంటికలన్నీ ఊడ్చేసేదాన్ని, వాళ్ళు మాట అనడానికి ఏమీ మిగలకుండా. మా ఆయన పొద్దున్నే ప్రసంగం రాసుకుంటూ అటూ ఇటూ నడిచేటప్పుడు దాన్ని దాటుకుని పోయేవాడు. దానికి గడ్డిపోచ వేసిన పాపాన పోలేదు.

రిటైరయ్యాక ఎక్కడుండాలన్న మాట వచ్చినప్పుడు ఆయన కరీంనగర్‌లో ఒక చర్చి పక్కనే మేడ మీద రెండు గదులు చూసి వచ్చాడు. "మేక మెట్లెక్కుతదా?" అన్నాను. "మేకను ఎవరికన్న ఇద్దాం తియ్యి," అన్నాడు. ఆ రోజు నేను అన్నం వండలేదు. మర్నాడు కూడా వండలేదు. మూడో రోజు నేనే బస్సెక్కి పోయి, కరీంనగర్ చివర్న పెరడున్న రేకుల ఇల్లు ఒకటి ఖాయం చేసుకుని వచ్చాను. అప్పటికి మేక సూడితో ఉంది, కడుపు రెండు పక్కలా సంచిలా వేలాడుతోంది. ఈనితే రెండో మూడో అవుతాయి. వాటిని మేపుకుంటాను, పాలు పిండుకుంటాను, పొద్దున లేవగానే నాదంటూ ఒక పని ఉంటుంది. అది ఎవరి సేవా కాదు, ఎవరి లిస్టులోదీ కాదు. మిగిలిన బతుకులో సంతోషమని నేను దేన్నన్నా అనుకున్నానంటే దాన్నే అనుకున్నాను. ఆ అద్దం చూసి నవ్వుకోమన్నావిడకు ఇదంతా చెప్పినా అర్థమయ్యేది కాదు.

ఇల్లు ఖాళీ చేయడానికి వారం ముందు కోత పండుగ వచ్చింది. వరి కోతలయ్యాక సంఘంలోని వాళ్ళు పంటలో మొదటి పాలు చర్చికి తెచ్చే పండుగ అది. వరి కట్టలు, గుమ్మడికాయలు, పప్పుల సంచులు లోపల పీఠం ముందు పెడతారు. ప్రాణమున్నవాటిని, కోళ్ళనీ మేకలనీ, బయట మెట్ల పక్కనున్న ఇనుప కటాంజనానికి కడతారు. పాస్టరు అన్నిటి మీదా ప్రార్థన చేశాక వాటిని హర్రాజు వేస్తారు, ఎక్కువకు పాడినవాళ్ళకు ఇచ్చి ఆ డబ్బు చర్చికి జమ చేస్తారు. ఆ రోజు ఆ కటాంజనానికి కట్టి ఉన్నది ఏదైనా దేవుడిదే. ఎవరు కట్టారని ఎవరూ అడగరు. ఇచ్చినవాళ్ళు మేమిచ్చామని చెప్పుకోరు, అది మర్యాద. ఈ పద్ధతి పెద్దపల్లిలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ రోజు పొద్దున్నే మేకను ఎప్పటిలాగే జామచెట్టుకు కట్టేసి నేను ఇంటి వెనక పొయ్యిల దగ్గరికి పోయాను. సంఘమంతటికీ బగారన్నం వండే పని పాస్టరమ్మ మీదే ఉంటుంది. నాతోపాటు నలుగురు ఆడవాళ్ళున్నారు. పొగకు కళ్ళు మండుతున్నాయి. మైకులో మా ఆయన ప్రార్థన వినిపిస్తోంది. అది ఆయన చివరి కోత పండుగ కాబట్టి మామూలు కంటే పొడుగ్గా సాగింది. పొలంలో పండినవి, ఇంట్లో పెరిగినవి, నడిచేవి, ఎగిరేవి, అన్నీ నీవే ప్రభువా, స్వీకరించు అన్నాడు. నేను గంటె చేత్తో పట్టుకునే గట్టిగా ఆమెన్ అన్నాను. పక్కనున్నవాళ్ళూ అన్నారు.

హర్రాజు మొదలైంది. పాట పెట్టేది సంఘం సెక్రటరీ, గొంతున్న మనిషి. ఒక గుమ్మడికాయను ఒకరు పాడుకోవడం, మళ్ళీ చర్చికే ఇచ్చేయడం, దాన్నే ఇంకొకరు పాడుకోవడం, అట్లా చాలాసేపు నడిచింది. కోళ్ళయ్యాయి. "ఇగ మేక," అని మైకులో వినపడింది. "ఎవలో మస్తు పెద్ద మనసుతోని ఇచ్చిన్రు," అంది నా పక్కనున్నామె. నిజమే, ఈ రోజుల్లో మేకను ఎవరిస్తారు అన్నాను నేను. అనేసి ఉల్లిగడ్డలు వేగాయో లేదో చూస్తున్నాను. అప్పుడు ఆ మేక అరిచింది.

మేకలన్నీ ఒకేలా అరుస్తాయనుకునేవాళ్ళు మేకను పెంచనివాళ్ళు. నేను ముందు జామచెట్టు వైపు చూశాను. అక్కడ టెంటు గుంజ పాతి ఉంది. గంటె కూడా కింద పెట్టకుండా చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ముందు వైపుకు ఉరికాను.

నా మేక కటాంజనానికి కట్టి ఉంది. దాని మెడలో బంతిపూల దండ ఒకటి వేశారు. సంఘంలో ఒక కాంట్రాక్టరు ఉన్నాడు, వచ్చే ఆదివారం ఆయన కొడుకు నిశ్చితార్థం. ఆయన దాని వీపు మీద చెయ్యేసి, నడుం దగ్గర పిసికి చూస్తున్నాడు. "దావత్‌కు సరిపోతదా?" అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. ఆయన పాట మీద సెక్రటరీ అప్పటికే రెండోసారి అనేశాడు.

"ఆగుండ్రి," అన్నాను. "అది నా మేక."

కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. సెక్రటరీ మైకు మూతి దగ్గర్నుంచి పక్కకు జరిపాడు. "అమ్మగారు, మీరిచ్చిందే అయితే ఇంక మంచిది. దేవుడు మిమ్ములను దీవిస్తడు," అన్నాడు.

"నేనియ్యలే. చెట్టుకు కట్టిన. ఈడికెట్ల వచ్చిందో నాకు తెల్వదు."

"గాడ కట్టినంక ఇచ్చినట్టే గదమ్మా. ప్రార్థన సుత అయిపోయె. మీరు సుత ఆమెన్ అన్నరు, ఎనకకెల్లి మీ గొంతు నాకు ఇనొచ్చింది."

అన్నాను, నిజమే. నా మేకను నేనే గంటె తిప్పుతూ గట్టిగా అర్పించేశాను. నా మీద నాకే అసహ్యం పుట్టింది. కాంట్రాక్టరు నవ్వుతూ ముందుకు వచ్చాడు. "ఫికర్ జెయ్యకుండ్రి అమ్మగారు, మీకు ఇంకో పిల్లను కొనిస్త. రిటైరైనంక ఇంత పెద్దదాన్ని మీరేం సాత్తరు?" అన్నాడు.

"గది కడుపుతోని ఉన్నది. కనవడ్తలేదా? కడుపుతోని ఉన్నదాన్ని కోసి నీ కొడుకు నిశ్చితార్థానికి పెడ్తవా?"

అంత మాట పాస్టరమ్మ నోటి నుంచి ఎవరూ వినలేదు. ముందు వరసలో ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాంట్రాక్టరు ముఖం మాడిపోయింది. "దేవునికిచ్చింది వాపస్ అడుగుడు నేనేడ సూడలే," అని సెక్రటరీకి చెప్పాడు, నాకు వినపడేలాగే. కమిటీ వాళ్ళు ఇద్దరు లేచి నిలబడ్డారు. పాడినాయన పాడిండు, ప్రార్థన కంటే మేక ఎక్కువనా అని గొణుగుడు మొదలైంది. నేను తాడు పట్టుకున్నాను. ఎవరు గుంజినా వదలకూడదని చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన తెల్లటి అంగీలో మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

ఆయన ఏమంటాడో నాకు ముందే తెలుసు. పోనీలే అంటాడు. ఆ మాట అంటే ఏం చేయాలో కూడా ఆ కాస్త సేపట్లో నిశ్చయించుకున్నాను. మేకను తోలుకుని గేటు దాటి బయటికి పోతాను. రిటైరయ్యేది ఆయన ఒక్కడే కాదు, నేనూ రిటైరవుతాను. ఆయన మేడ మీద గదుల్లో ఆయన ఉంటాడు, నా రేకుల ఇంట్లో నేనుంటాను. బిడ్డకేం చెప్పాలో కూడా అనుకున్నాను.

ఆయన దిగి వచ్చి సెక్రటరీ చేతిలోంచి మైకు తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మా వైపు చూడలేదు.

"మేకను గీడ కట్టింది నేనే," అన్నాడు. "పొద్దుగాల టెంటోళ్ళు జామచెట్టు కాడ గుంజలు పాతుతున్నరు, మేకకు తగుల్తదని ఇప్పి తెచ్చి గీడ కట్టిన. గిది ఏం దినమో, గిది ఏం జాగనో నాకు యాదికి రాలే. ఇన్నేండ్లు పాస్టరుగ చేసి మర్చిపోయిన. ప్రార్థన జేసేటప్పుడు కండ్లు మూసుకున్న. తెరిచి చూస్తే ఎవరి మేకనో ఎరుకయ్యేది."

ఆయన ఇంకోసారి గొంతు సవరించుకున్నాడు.

"మేక ఆమెది. ఆమెను అడగకుండ కట్టిన. నాది కాని దాని మీద ప్రార్థన జేసిన. గా ప్రార్థన వాపస్ తీసుకుంటున్న."

"అయ్యగారు," అన్నాడు సెక్రటరీ, "ప్రార్థన వాపస్ తీసుకునుడు ఏడనన్న ఉంటదా?"

"ఇయ్యాల్టి సంది ఉంటది," అన్నాడు ఆయన. అని నిజంగానే కళ్ళు మూసుకుని, చేతులు చాపి, "ప్రభువా, పొద్దుగాల నీకిచ్చిన వాటిలకెల్లి మేకను తీసెయ్యి. అది మా ఇంటామెది," అన్నాడు. ఆ ముసలామె ఒక్కతే కొంగు తీసి ఆమెన్ అంది. కాంట్రాక్టరు ఆమె వైపు గుడ్లురిమి చూశాడు. తర్వాత ఇంకొందరు అన్నారు.

నాకు సంతోషం కలగాలి. అందరూ అట్లాగే అనుకుని నా వంక చూశారు. నేను తాడు విప్పుకుని, బంతిపూల దండ తెంపి పారేసి, మేకను వెనక్కి తోలుకుపోయాను. వంటింటి అరుగు మీద దాని పక్కన కూలబడి ఏడ్చాను. ఆడవాళ్ళు మేక దొరికినందుకనుకున్నారు. కాదు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఈ మనిషి చేయగలడన్నమాట. నలుగురి ముందు నిలబడి తప్పు నాది అనగలడు, ఆమెది అనగలడు, దేవుడి దగ్గర్నుంచి కూడా వెనక్కి తీసుకోగలడు. చేతకాని మనిషి అనుకుని ఇన్నేళ్ళు జాలిపడి ఊరుకున్నాను. చేతనై చేయలేదని అప్పుడు తెలిసింది. అంతలో బగారన్నం అడుగంటింది. అడుగంటిన అన్నమే వడ్డించాను, తిన్నవాళ్ళు ఒక్క మాట అనలేదు.

ఆదివారం శాలువా కప్పి మమ్మల్ని సాగనంపారు. సోమవారం ట్రాలీ ఆటోలో సామాన్లు వేసుకుని కరీంనగర్‌లో నేను ఖాయం చేసిన రేకుల ఇంటికి వచ్చాం. ఆ మధ్య రోజుల్లో నేను ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయనా పలకరించలేదు. మేకను పెరట్లో కట్టి, దానికి నీళ్ళు పెట్టి లోపలికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మూటల మధ్య కూర్చుని, గోడల వైపు చూస్తున్నాడు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

పాస్టరు ఇల్లంటే చర్చికి ఆనుకుని ఉండే ఇల్లు. ఎప్పుడు ఎవరు వస్తారో తెలియదు, గట్టిగా తుమ్మినా ఆదివారానికి సంఘమంతా తెలుస్తుంది. ముప్పయ్యేళ్ళలో నేను ఆ మనిషి మీద ఒక్కసారి గొంతెత్తలేదు. తిట్టదలచుకుంటే గుసగుసగా తిట్టాలి, గుసగుసగా తిడితే అది తిట్టులాగే ఉండదు. ఇక్కడ చర్చి లేదు. పక్కవాళ్ళెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకు తెలియదు. అది తట్టగానే నాకు ఎక్కడలేని బలం వచ్చింది.

"నీకు చెయ్యొస్తదన్నమాట," అన్నాను. ఆయనను నేను ఎప్పుడూ మీరు అనే పిలిచేదాన్ని. ఆ రోజు నువ్వే వచ్చింది. "మేకకు వాపస్ తీసుకున్నవు. నన్ను కన్న మా అవ్వ సంగతేంది?"

ఆయన తలెత్తి చూశాడు.

"మనం ఆదిలాబాద్‌ల ఉన్నప్పుడు మా అవ్వకు బాగలేదని ఫోనొచ్చింది. గిప్పుడే పోతనన్న. క్రిస్మస్ ఉన్నది, పాస్టరమ్మ లేకుంటె సంఘం ఏమనుకుంటది, రెండు దినాలు ఆగమన్నవు. అవ్వను దేవుని చేతుల పెట్టి ప్రార్థన జేసినం గదా అన్నవు. ఆగిన. పండుగకు అందరికి నవ్వుకుంట కేకులు పంచిన. పోయేటాల్లకు మన్ను పోసిన్రు. మొఖం సూడలే నేను. గా ప్రార్థన ఎందుకు వాపస్ తీసుకోలే నువ్వు? నా పెండ్లాం పోవాలె, నన్ను ఎవలేమన్న అనుకోండ్రి అని గప్పుడెందుకు అనకపోతివి?"

నా గొంతు నాకే కొత్తగా ఉంది. రేకులకు తగిలి మళ్ళీ నా మీదికే వస్తోంది. ఆగలేదు. ఒకటి అయిపోతే ఇంకొకటి, ఏ ఊళ్ళోది ఆ ఊళ్ళోది, ఏళ్ళ నాటివి, అన్నీ పేర్చి పెట్టినట్టు నోటికి వస్తున్నాయి. ఆయన మధ్యలో మాట కలపలేదు. దేవుడి మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే చేతిలో ఉన్న చెంబు విసిరేదాన్ని. ఒకచోట కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మనిషి మీద కసి తీరా అరవడం ఇంత బాగుంటుందని నాకు అరవై దగ్గర పడ్డాక తెలిసింది. ఎన్ని పండుగలకు ఎన్ని పాటలు పాడానో, ఒక్కసారి కూడా లోపల అంత తేలిగ్గా అనిపించలేదు.

నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, పక్కింటామె ఎవరో గడప దగ్గర నిలబడి తొంగిచూస్తోంది. "ఏమైందమ్మా?" అంది. మా ఆయన కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా పోయాడు. తలుపు మూసేస్తాడనుకున్నాను. మూసి, మెల్లగ మాట్లాడు, ఇరుగుపొరుగు వింటరు అంటాడనుకున్నాను.

"ఏం లేదమ్మా, కొత్తగ దిగినం," అన్నాడు ఆమెతో. "ఇంట్ల మాట్లాడుకుంటున్నం."

ఆమె పోయింది. ఆయన తలుపును అట్లాగే వదిలేసి వెనక్కి వచ్చాడు. కుర్చీని మూటల మధ్య నుంచి తీసి నాకు ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు.

"అవ్వ సంగతి నేనే తప్పు జేసిన," అన్నాడు. "ఇంకున్నయా?"

"ఉన్నయి."

"చెప్పు," అన్నాడు.